బాలల దేహసంఘర్షణ క్రీడలు – తల గాయాల ప్రశ్న: అమెరికన్ ఫుట్‌బాల్ చారిత్రక అనుభవం

వ్యాస సంగ్రహం

పిల్లలు ఒకరినొకరు ఢీకొనే ఆటలు ఆడవచ్చునా అన్న ప్రశ్న ఇటీవలి వైద్య పరిశోధనల వల్ల పుట్టిందన్న అభిప్రాయం వ్యాప్తిలో ఉంది. అమెరికన్ ఫుట్‌బాల్ చరిత్ర ఈ అభిప్రాయాన్ని బలపరచదు. 1905 నుండి నేటి వరకు ఈ ప్రశ్న పలుమార్లు తలెత్తింది. ప్రతిసారీ అది ‘పిల్లలు ఆడవచ్చునా’ అన్న రూపం నుండి ‘ఆటను సురక్షితం చేయడం ఎలా’ అన్న రూపంలోకి మారిపోయింది. ఆ మార్పు ఎలా జరిగింది, దానివల్ల ఏమి సాధ్యమైంది, ఏమి మిగిలిపోయింది అన్న అంశాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: అమెరికన్ ఫుట్‌బాల్, కంకషన్, బాల్యం, హెల్మెట్, క్రీడా చరిత్ర, ప్రజారోగ్యం.

1. ఉపోద్ఘాతం

తలకు దెబ్బ తగిలినప్పుడు, లేదా దేహానికి తగిలిన దెబ్బ తలను ఒక్కసారిగా కుదిపినప్పుడు మెదడు పని తాత్కాలికంగా గతి తప్పడాన్ని వైద్యులు కంకషన్ అంటారు. స్పృహ తప్పకపోయినా అది కంకషనే కావచ్చు. సాధారణ స్కానింగులో ఏమీ కనబడకపోవచ్చు. పైకి కనబడని గాయం కావడమే దాని చరిత్రను జటిలం చేసింది. విరిగిన కాలు తన సాక్ష్యం తానే చెబుతుంది. అదిరిన మెదడు విషయంలో ఆటగాడు చెప్పాలి, శిక్షకుడు నమ్మాలి, వైద్యుడు గుర్తించాలి. ఆటగాడు పదేళ్ల పిల్లవాడైతే తనకేమి జరిగిందో చెప్పడం కూడా అతనికి కష్టమే.

ఈ చర్చకు అమెరికన్ ఫుట్‌బాల్‌ను ఎంచుకోవడానికి రెండు కారణాలున్నాయి. ప్రత్యర్థిని బలంగా ఢీకొని పడవేసే ‘ట్యాకిల్’ ఆ ఆటకు ప్రాణం. పైగా పిల్లల క్రీడాభద్రతపై ఒక శతాబ్దానికి పైగా సాగిన వాదోపవాదాలు ఆ దేశంలో విస్తృతంగా నమోదయ్యాయి.

2. 1905 సంక్షోభం: నిషేధం నుండి సంస్కరణకు

1905 ఆటకాలం ముగిసేనాటికి ఫుట్‌బాల్ మైదానాల్లో 18 మంది మరణించారని ‘చికాగో ట్రిబ్యూన్’ పత్రిక లెక్క కట్టింది. మృతుల్లో ఎక్కువమంది పెద్ద కళాశాలల జట్ల వారు కారు, వారికంటె చిన్న వయసు కుర్రవాళ్లు. కొన్ని విద్యాసంస్థలు ఆటను మానివేశాయి. అధ్యక్షుడు థియోడోర్ రూజ్‌వెల్ట్ ఆ సంవత్సరం అక్టోబరులోనే హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ ప్రతినిధులను శ్వేతసౌధానికి పిలిచి మాట్లాడాడు. ఆయనకు ఆట పోవడం ఇష్టం లేదు, అందులోని క్రౌర్యం తగ్గితే చాలునన్నది ఆయన వైఖరి. తరువాత జరిగిన సమావేశాల ఫలితంగా ఏర్పడిన సంఘమే 1910లో ఎన్.సి.ఎ.ఎ. అన్న పేరు పొందింది. 1906లో బంతిని ముందుకు విసరడాన్ని నియమాలు అనుమతించాయి. ఆటగాళ్లు గుంపుగా ఒకే చోట కుమ్ముకోవడం దీనివల్ల తగ్గుతుందని ఆశించారు.

1906 జనవరిలో హార్వర్డ్ జట్టుకు వైద్యం చేసిన ఎడ్వర్డ్ నికోల్స్, హోమర్ స్మిత్ అనే ఇద్దరు వైద్యులు ముందటి ఆటకాలపు గాయాలపై బోస్టన్ వైద్యపత్రికలో ఒక నివేదిక ప్రకటించారు. కంకషన్లు తరచుగా జరుగుతున్నాయనీ, ఆటగాళ్లు వాటిని నవ్వులాటగా తీసుకుంటున్నారనీ, వైద్యులుగా తాము అలా తీసుకోలేమనీ అందులో స్పష్టం చేశారు. నూట ఇరవై ఏళ్ల క్రితమే హెచ్చరిక అచ్చులో ఉన్నదన్నమాట. అయితే సంస్కరణల దృష్టి మైదానంలో ప్రాణాలు పోవడంపైనే నిలిచింది. ఈ తేడా తరువాతి చరిత్రంతటా కొనసాగింది.

3. బాక్సింగు నేర్పిన పాఠం, వినని మైదానం

న్యూజెర్సీకి చెందిన వైద్యుడు హారిసన్ మార్ట్‌లాండ్ 1928లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో ఒక వ్యాసం ప్రచురించాడు. పదే పదే తలపై దెబ్బలు తిన్న బాక్సర్లలో కనిపించే తడబాటు, మందగమనం, మతిభ్రమణం వంటి లక్షణాలను ఆయన మెదడు గాయాలతో ముడిపెట్టాడు. 1937లో ఈ స్థితికి ‘డిమెన్షియా ప్యూజిలిస్టికా’ అన్న పేరు వచ్చింది. 1973లో కోర్సెలిస్, ఆయన సహచరులు 15 మంది బాక్సర్ల మెదళ్లను పరీక్షించి లోపలి మార్పులను వివరించారు.

ఈ జ్ఞానం బాక్సింగు గోదాకే పరిమితమైంది. ప్రత్యర్థి తలను కొట్టడమే బాక్సింగులో లక్ష్యం. ఫుట్‌బాల్‌లో తలదెబ్బ లక్ష్యం కాదు, ఆటలో భాగంగా సంభవించేది. ఈ నైతిక భేదాన్ని సమాజం శారీరక భేదంగా పొరబడింది. దెబ్బ వెనుక ఉద్దేశం ఏమిటో మెదడుకు తెలియదు.

1952లో హార్వర్డ్ వైద్యుడు అగస్టస్ థార్న్‌డైక్ మూడుకు మించి కంకషన్లు పొందిన ఆటగాడిని దేహసంఘర్షణకు దూరంగా ఉంచాలని సూచించాడు. ‘మూడు’ అన్న సంఖ్యకు ప్రయోగాధారం ఏమీ లేదు, అది ఒక వైద్యుని అనుభవం. అయినా దెబ్బలు ఒకదానిపై ఒకటి పేరుకుంటాయన్న భావన అందులో ఉంది.

4. పిల్లల లీగులు, పిల్లల వైద్యులు

1929లో ఫిలడెల్ఫియాలో జో టామ్లిన్ ప్రారంభించిన బాలుర పోటీలు తరువాత ‘పాప్ వార్నర్’ అనే శిక్షకుని పేరుతో దేశవ్యాప్త సంస్థగా విస్తరించాయి. కుర్రవాళ్లను అల్లరి పనుల నుండి మళ్లించడం మొదటి ఉద్దేశం. రెండవ ప్రపంచయుద్ధం తరువాత ఇటువంటి లీగులు వేగంగా పెరిగాయి. పొరుగువారిని కలిపే వేదికగా, పిల్లవాడిని ‘మగవాడిగా’ తీర్చే బడిగా ఫుట్‌బాల్ గౌరవం పొందింది.

ఆ విస్తరణ ఉద్ధృతంగా ఉన్న 1950ల ద్వితీయార్ధంలో అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ ఒక విధాన ప్రకటన వెలువరించింది. 12 ఏళ్లు, అంతకు లోపు పిల్లల కార్యక్రమాల్లో దేహసంఘర్షణ క్రీడలకు, ముఖ్యంగా ట్యాకిల్ ఫుట్‌బాల్‌కు, బాక్సింగుకు చోటు లేదన్నది దాని సారాంశం. సి.టి.ఇ. అన్న పదం వార్తల్లో వినబడటానికి అర్ధశతాబ్దం ముందే పిల్లల వైద్యుల ప్రధాన సంస్థ వయసు ప్రాతిపదికపై గీత గీసింది. కానీ లీగుల పెరుగుదలను ఆ గీత ఆపలేదు.

ఈ వైఫల్యానికి కారణాలు వైద్యశాస్త్రం వెలుపల వెతకాలి. పిల్లల లీగులను నడిపింది స్వచ్ఛంద సేవకులు, వ్యాపారులు, చర్చి సంఘాలు, తల్లిదండ్రులు. అవి పాఠశాల ఆధిపత్యంలో లేవు కనుక విద్యాశాఖల ఆంక్షలు వాటికి వర్తించలేదు. వైద్యుల మాట సలహాగానే మిగిలింది. నిషేధిస్తే పిల్లలు పర్యవేక్షణ లేకుండా వీధుల్లో ఆడతారనీ, హెల్మెట్లు, శిక్షకులు ఉన్న లీగులే మేలనీ నిర్వాహకులు వాదించారు. ఈ వాదంలో కొంత సత్యం ఉంది. అందుకే అది బలంగా నిలిచింది.

5. హెల్మెట్, నియమం: సంస్కరణ సాధించినది

సంస్కరణవాదాన్ని కేవలం తప్పించుకునే మార్గంగా కొట్టివేయడం చరిత్రకు అన్యాయం. ఫుట్‌బాల్ మరణాలను 1931 నుండి ఏటా నమోదు చేస్తూ వచ్చారు. ఆ లెక్కల్లో 1968 అత్యంత దారుణమైనది. ఆ ఒక్క సంవత్సరం ఆట గాయాల వల్ల నేరుగా 36 మంది మరణించారు. గట్టి ప్లాస్టిక్ హెల్మెట్లు వచ్చిన తరువాత ఆటగాళ్లు తలనే ఆయుధంగా వాడసాగారు. రక్షణ కోసం తయారైన వస్తువు కొత్త ప్రమాదాన్ని తెచ్చింది.

1969లో క్రీడాపరికరాల ప్రమాణాల సంఘం ఏర్పడింది. 1973లో హెల్మెట్లకు తొలి ప్రమాణం వచ్చింది. 1976లో తలతో ముందుగా ఢీకొనడాన్ని నియమాలు నిషేధించాయి. ఫలితాలు స్పష్టంగా కనిపించాయి. జోసెఫ్ టోర్గ్ బృందం నమోదు చేసిన లెక్కల్లో మెడ ఎముక విరిగి కాళ్లు చేతులు శాశ్వతంగా పడిపోయినవారు 1976లో 34 మంది కాగా 1984లో 5గురు. 1990లో ఆట గాయం వల్ల నేరుగా సంభవించిన మరణం ఒక్కటీ నమోదు కాలేదు.

ఈ విజయమే ఒక భ్రమకు కూడా దారితీసింది. హెల్మెట్ పుర్రె పగలకుండా కాపాడుతుంది. పుర్రెలోపల మెదడు కదలకుండా ఆపలేదు. మైదానంలో కుప్పకూలే మరణం తగ్గింది కనుక ఆట సురక్షితమైందన్న నమ్మకం స్థిరపడింది. ఏళ్ల తరబడి పేరుకునే చిన్న దెబ్బలు ఏ వార్షిక పట్టికలోనూ నమోదు కాలేదు.

6. 2002 తరువాత: పాత ప్రశ్న పునరాగమనం

పిట్స్‌బర్గ్ జట్టు మాజీ ఆటగాడు మైక్ వెబ్‌స్టర్ 2002లో 50 ఏళ్ల వయసులో మరణించాడు. ఆయన మెదడును పరీక్షించిన బెనెట్ ఒమాలు 2005లో తన బృందంతో కలిసి క్రానిక్ ట్రామాటిక్ ఎన్‌సెఫలోపతి, అంటే సి.టి.ఇ. లక్షణాలను ప్రకటించాడు. వృత్తి లీగుకు చెందిన వైద్య కమిటీ సభ్యులు ఆ వ్యాసాన్ని ఉపసంహరించాలని కోరారు. 2017లో ఆన్ మెకీ బృందం దానంగా వచ్చిన 202 ఆటగాళ్ల మెదళ్లను పరిశీలించి 177లో ఈ వ్యాధిని గుర్తించింది. ఎన్.ఎఫ్.ఎల్. ఆటగాళ్లలో 111కి 110, ఉన్నత పాఠశాల స్థాయితో ఆపినవారిలో 14కి 3.

ఈ అంకెలను జాగ్రత్తగా చదవాలి. లక్షణాలతో బాధపడినవారి కుటుంబాలే ఎక్కువగా మెదడును దానమిస్తాయి. కనుక ఇవి ఆటగాళ్లందరిలో వ్యాధి శాతాన్ని తెలుపవు. 12 ఏళ్ల లోపు ఆట మొదలుపెట్టినవారికి హాని ఎక్కువని కొన్ని అధ్యయనాలు సూచించాయి. మరికొన్నింటిలో ఆ సంబంధం కనబడలేదు. పిల్లల మెడ కండరాలు బలహీనం, దేహంతో పోల్చితే తల పెద్దది, మెదడు ఇంకా ఎదుగుతూ ఉంటుంది అన్న విషయాల్లో మాత్రం వివాదం లేదు.

చట్టాలు ఇక్కడా పాత దారినే నడిచాయి. 13 ఏళ్ల బాలుడు తలకు దెబ్బ తగిలాక మళ్లీ ఆటలో దిగి తీవ్రంగా గాయపడిన ఘటన తరువాత 2009లో వాషింగ్టన్ రాష్ట్రం ఒక చట్టం చేసింది. కంకషన్ అనుమానం ఉన్న పిల్లవాడిని వెంటనే ఆట నుండి తప్పించాలి, వైద్యుల అనుమతి లేకుండా తిరిగి దింపరాదు. 2014 నాటికి 50 రాష్ట్రాల్లోనూ ఇటువంటి చట్టాలు వచ్చాయి. ఇవి మొదటి దెబ్బను ఆపవు, రెండవ దెబ్బను ఆపుతాయి. 12 ఏళ్ల లోపు పిల్లలకు ట్యాకిల్ నిషేధించాలన్న బిల్లులు 2018లో ఇలినాయ్, కాలిఫోర్నియా రాష్ట్రాల్లో నెగ్గలేదు. తన పూర్వ ప్రకటనకు భిన్నంగా పిల్లల వైద్యుల అకాడమీ సైతం 2015లో నిషేధాన్ని కోరలేదు. నష్టలాభాలను ఆటగాళ్లే తూచుకోవాలని, ట్యాకిల్ లేని లీగులను విస్తరించాలని సూచించింది.

వయసు ప్రాతిపదికగా గీత గీసింది సాకర్. అమెరికా సాకర్ సమాఖ్య 2015లో 10 ఏళ్లు, అంతకు లోపు పిల్లలకు తలతో బంతిని కొట్టడాన్ని నిషేధించింది. 2020లో స్కాట్లాండ్ 12 ఏళ్ల లోపు పిల్లల శిక్షణలో దానిని తొలగించింది. ఇక్కడ గీత సాధ్యం కావడానికి కారణం స్పష్టం. తలదెబ్బ లేకున్నా సాకర్ సాకర్‌గానే ఉంటుంది. ట్యాకిల్ తీసివేస్తే మిగిలేది వేరే ఆట అని ఫుట్‌బాల్ అభిమాని భావిస్తాడు.

7. ముగింపు

పై పరిశీలన వల్ల మూడు విషయాలు తేలుతున్నాయి. మొదటిది, జ్ఞానం లేక చర్య ఆగలేదు. 1906 నివేదిక, 1928 వ్యాసం, 1950ల విధాన ప్రకటన అందుకు సాక్ష్యం. రెండవది, నియమాలు, పరికరాలు వేగంగా కనిపించే హానిని తగ్గించగలిగాయి, నిదానంగా పేరుకునే హాని విషయంలో అవే సరిపోలేదు. మూడవది, రుజువు చూపే భారం ఎప్పుడూ హెచ్చరించేవారిపైనే పడింది. పెద్దవాడు తెలిసి ప్రమాదాన్ని స్వీకరిస్తే అది అతని స్వేచ్ఛ. పిల్లవాని తరఫున అంగీకారపత్రంపై సంతకం చేసేది మరొకరు. నలభై ఏళ్ల తరువాత ఫలితం అనుభవించేది అతడు. అందువల్ల పిల్లల విషయంలో ఆ భారం ఆటను నిర్వహించేవారు మోయడమే న్యాయం. ఆట మాన్పించడం వల్ల వచ్చే నష్టం నిజమే. అయితే పరుగు, స్నేహం, జట్టు క్రమశిక్షణ తలదెబ్బ లేని ఆటల్లోనూ లభిస్తాయి. పన్నెండేళ్ల వరకు వేచి ఉండడం వల్ల ఇవేవీ చేజారవు.

ఈ చరిత్ర తెలుగువారికి పరాయిది కాదు. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు పాఠశాల పంపే అంగీకారపత్రం రూపంలో ఇది నేరుగా ఎదురవుతుంది. ఇక్కడ కబడ్డీ మన గ్రామాల ఆట. నిజామాబాదుకు చెందిన నిఖత్ జరీన్ ప్రపంచ విజేత అయిన తరువాత బాక్సింగు ఎందరో బాలికల కల అయింది. ఆ కలను అడ్డగించనక్కరలేదు. పట్టులో తల నేలకు కొట్టుకున్న పిల్లవాడిని మొహాన నీళ్లు చల్లి తిరిగి బరిలోకి దింపే అలవాటును మాత్రం ఆపాలి. తలదెబ్బలను పాఠశాల స్థాయి నుండి నమోదు చేయడం అందుకు తొలి మెట్టు. 1931లో మొదలైన ఒక పట్టిక లేకపోతే 1976 నియమం ఫలించిందో లేదో అమెరికాకు తెలిసేది కాదు.