నీటిజాడలే బాటలు
పుట్టపర్తి – పెనుకొండ పీఠభూమిలో పూర్వకాలపు బాటసారులు

పుట్టపర్తి 2022 ఏప్రిల్ నుండి శ్రీ సత్యసాయి జిల్లాకు కేంద్రస్థానం. రైలులోనో బస్సులోనో ఆ ఊరు చేరే యాత్రికునికి ప్రక్కనే చిత్రావతి నది కనబడుతుంది. అయితే సంవత్సరంలో ఎక్కువ భాగం అది నీరులేని ఇసుక మేటగానే ఉంటుంది. నైరుతి ఋతుపవనాల తేమను పడమటి కనుమలు అడ్డగించడంవల్ల ఈ అనంతపురం పీఠభూమికి సంవత్సరానికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వర్షమే దక్కుతున్నది. అదైనా ఏటేటా నమ్మదగినది కాదు. రాతి గుట్టలు, ముళ్ళపొదలు, ఎండిన వంకలు, వాటి నడుమ ఎర్రనేలలు – ఇదీ ఈ భూమి స్వరూపం.

రైళ్ళూ తారురోడ్లూ లేని కాలంలో ఇటువంటి నేలమీద దూరప్రయాణం తలపెట్టినవాడు మొదట విచారించవలసినది నీటి సంగతి. రెండు ఊళ్ళ నడుమ తిన్నని గీతకంటె, నీటి తావునుండి నీటి తావుకు వంకరగా సాగే నడకే క్షేమకరమైనది. ఆ తావులు తెలిసినవాడే దారి తెలిసినవాడు. సైన్యాలకూ, వర్తకులకూ, సూఫీ యాత్రికులకూ, చివరకు భూమిని కొలవవచ్చిన ఇంగ్లీషు ఉద్యోగులకూ ఈ సూత్రమే వర్తించింది.

అరబ్బు ఎడారి నేర్పిన పాఠం

ఇస్లామీయ చరిత్రకు ఈ విషయం కొత్తది కాదు. క్రీ.శ. 622లో జరిగిన హిజ్రత్ ప్రయాణమే ఇందుకు గొప్ప ఉదాహరణ. మదీనా నగరం మక్కాకు ఉత్తరాన ఉండగా, దైవప్రవక్త (స), హజ్రత్ అబూబకర్ (రజి) మొదట దక్షిణాన ఉన్న సౌర్ గుహకు వెళ్ళారు. మూడు రాత్రులు అక్కడే గడిపారు. పగలు ఖురైషీయుల మధ్య తిరిగి రాత్రికి వార్తలు చేరవేసే పని అబూబకర్ (రజి) కుమారుడు అబ్దుల్లాది. గొర్రెలను అటు తోలుకువచ్చి పాలు అందించే పని ఆమిర్ బిన్ ఫుహైరాది. ఆహారం సమకూర్చినవారు హజ్రత్ అస్మా (రజి). ఒంటెలను ముందుగానే అబ్దుల్లా బిన్ ఉరైఖిత్ అనే మార్గదర్శికి అప్పగించి ఉంచారు. అతడు వారిని మామూలు బాటను విడిచి, సముద్రతీరపు దిక్కుగా, ఎక్కువమంది ఎరుగని మార్గాన మదీనా వైపు నడిపించాడు.

ఇక్కడ గమనించదగిన అంశాలు రెండు. దైవంపై సంపూర్ణ విశ్వాసం ఉన్నవారే ప్రయాణపు ఏర్పాట్లలో ఏ చిన్న విషయాన్నీ ఉపేక్షించలేదు. ఇక ఆ మార్గదర్శి అప్పటికి ముస్లిం కాడు. అతడు కూలికి కుదిరినవాడు. అయినా అతని నేర్పునూ నిజాయితీనీ చూచి రెండు ప్రాణాలను అతని చేతిలో పెట్టారు. చరిత్రకారులు అతని పేరును భద్రపరచారు.

ఇటువంటి మార్గదర్శినే 1352లో సహారా ఎడారి దాటిన ఇబ్న్ బతూతా కూడ వర్ణించాడు. నీరులేని భాగంలో ప్రవేశించేముందు బిడారు ఒకచోట ఆగి తోలుసంచులను బాగుచేసుకొనేది. అక్కడినుండి 'తక్షీఫ్' అనే మనిషిని వలాతా పట్టణానికి ముందుగా పంపేవారు. అతడు ఉత్తరాలు అందజేస్తే, ఆ ఊరివారు నాలుగు రోజుల దూరం ఎదురువచ్చి నీళ్ళు అందించేవారు. అతడు దారిలో మరణిస్తే బిడారులో చాలామంది నశించవలసి వచ్చేది. ఇబ్న్ బతూతా బిడారు మార్గదర్శికి ఒక కన్ను లేదు, రెండవది జబ్బుపడినది. అయినా దారి అతనికి తెలిసినంతగా మరొకరికి తెలియదట!

మార్గదర్శి జ్ఞానాన్ని రాతిలో నిలిపిన పని హారూన్ రషీద్ భార్య జుబైదా పేరుతో ముడిపడి ఉన్నది. కూఫా నుండి మక్కాకు సుమారు 1400 కిలోమీటర్ల హజ్ మార్గంలో బావులు, తొట్టెలు, సత్రాలు వెలసి, 'దర్బ్ జుబైదా' అన్న పేరు స్థిరపడింది.

చెరువు, చెలమ, మజిలీ

అనంతపురం పీఠభూమిలో తొట్టెల స్థానాన్ని చెరువులు ఆక్రమించాయి. పుట్టపర్తికి సమీపాననే బుక్కపట్నం చెరువు, నది వెంట ఇంకా దిగువకు పోతే ధర్మవరం చెరువు – రెండూ చిత్రావతి నీటిని నిలువచేసేవే. ఎడారి తొట్టెను బాటసారికోసమే కట్టారు. ఈ చెరువులను సేద్యంకోసం కట్టారు, కాని బాటసారి కూడ వాటిమీదనే బ్రతికాడు. దూరంనుండి కనిపించే కట్ట అతనికి దిక్కు చూపేది, కట్టమీది చెట్టు నీడనిచ్చేది.

చెరువు ఎండితే దారి కూడ మారవలసిందే. అప్పుడు ఏటి ఇసుకలో చెలమ తవ్వడమే గతి. ఏ మలుపులో తవ్వితే నీరు ఊరుతుందో గొర్రెల కాపరికీ, ఆ ఊరి చాకలికీ తెలుస్తుంది, పటానికి తెలియదు. అందుచేత ఒకే రెండు ఊళ్ళ నడుమ వానకాలపు దారి వేరు, వేసవి దారి వేరు.

పుట్టపర్తికి పడమర దిక్కున, గుట్టల కావల ఉన్న పెనుకొండ 1565 నాటి యుద్ధం తర్వాత విజయనగర రాజులకు రాజధాని అయింది. అక్కడి బాబా ఫక్రుద్దీన్ (రహ్మ) దర్గా దక్షిణాదిలో ప్రసిద్ధమైనది. ఆయన తిరుచిరాపల్లిలోని నథర్ వలీ (రహ్మ) శిష్యులనీ, గురువు ఆజ్ఞమేరకు ఇక్కడికి వచ్చి స్థిరపడ్డారనీ సంప్రదాయం చెబుతున్నది. దూదేకులవారికి ఆయన ప్రత్యేకంగా ఆరాధ్యులు. ఉర్సుకు హిందువులూ ముస్లింలూ కూడ రావడం పరిపాటి.

సరుకులు మోసిన బంజారాల పద్ధతి ఇంకొకటి. 1632లో ఉత్తర హిందూస్థానంలో పీటర్ మండీ అనే ఆంగ్ల యాత్రికుడు చూచిన ఒక తండాలో 14,000 ఎద్దులున్నాయి. అవి రోజుకు ఆరేడు మైళ్ళకు మించి నడిచేవి కావు. ఎద్దుకు మేత, నీరు దొరికే వేగమే తండా వేగం. దక్కనులో సైన్యాలకు ధాన్యం చేర్చినవారు కూడ వీరే. నీటిని లెక్కలోనికి తీసుకోనివారికి ఎంతటి కోట అయినా రక్షణ కాదు. ఇదే పీఠభూమిలోని గుత్తి దుర్గం 1776లో హైదర్ అలీకి వశం కావడానికి లోపలి నీరు అడుగంటడమే ముఖ్యకారణం.

కొలతగాళ్ళు వచ్చిన తర్వాత

1800లో నిజాం ఈ ప్రాంతాలను కంపెనీకి దత్తం చేశాడు. 1807 వరకు థామస్ మన్రో అనంతపురం ముఖ్యస్థానంగా వీటిని పాలించి, పొలాలను కొలిపించాడు. మరొకవంక విలియం లాంబ్టన్ దక్షిణంనుండి ఉత్తరానికి త్రికోణాల గొలుసు అల్లుతూ వచ్చి, 1811లో గుత్తి వద్ద ఆధారరేఖను కొలిచాడు. ఆ గొలుసు సాగిన 78వ రేఖాంశం పుట్టపర్తికి కొద్ది దూరంలోనే తూర్పుగా పోతుంది. కొండ కొననుండి కొండ కొనకు పోయే చూపుకు నీరు అక్కరలేదు. కాని సుమారు అరటన్ను బరువున్న కొలత యంత్రాన్ని గుట్టలమీదికి మోసిన కూలీలకు నీరు కావాలి. వారిని నీటి దగ్గరకు నడిపినవారి పేర్లు ఆ పటాలలో లేవు.

కల్నల్ మెకంజీ పద్ధతి కొంత మేలైనది. ఆయన కావలి సోదరులవంటి తెలుగు పండితులద్వారా ఊరూరా కైఫియతులు వ్రాయించాడు. వాటిలో చెరువులకూ, వాటిని కట్టించినవారికీ చోటు దక్కింది. 'కైఫియత్' అరబ్బీ పదం. 'మజిలీ' అన్న మన మాట కూడ అరబ్బీ 'మన్‌జిల్' నుండి వచ్చినదే. 1830–31లో చెన్నపట్నం నుండి కడప, హైదరాబాదుల మీదుగా కాశీకి వెళ్ళివచ్చిన ఏనుగుల వీరాస్వామయ్య మజిలీ మజిలీకీ దారి, నీరు, వసతి వివరాలు వ్రాసిపెట్టాడు. తొమ్మిదవ శతాబ్దిలో ఇబ్న్ ఖుర్దాద్‌బిహ్ రచించిన మార్గాల గ్రంథపు ప్రయోజనం కూడ ఇదే: వెనుక వచ్చేవాడు దాహంతో పడిపోకూడదు.

నేడు గుట్టలవెంట బాట విడిచి కాలినడకన పోగోరే యువకులు లేకపోలేదు. వారి చేతిలో ఉపగ్రహం చూపే పటం ఉంటుంది. అందులో నీలిరంగున్నచోట చెరువు పూడిపోయి ఉండవచ్చు. 1990ల నుండి పుట్టపర్తి సత్యసాయి ట్రస్టు పథకంవల్ల అనంతపురం జిల్లాలో 700కు పైగా గ్రామాలకు కుళాయి నీరు అందింది. ఊరికి అది మహోపకారమే, కాని గుట్టల నడుమ గొట్టం ఉండదు. అక్కడ ఇప్పటికీ కాపరి మాటే ప్రమాణం. అతడు ముసలివాడవుతున్నాడు, అతని పిల్లలు పట్నం పోతున్నారు. అతనితోపాటు ఆ ఎరుక కూడ పోతే తిరిగి సంపాదించడం కష్టం.

దివ్య ఖుర్ఆన్ జకాత్‌కు అర్హులైన ఎనిమిది వర్గాలలో బాటసారిని చేర్చింది. బాటసారి హక్కు నెరవేరాలంటే అతనికి నీటిజాడ చూపేవాని హక్కు కూడ నెరవేరాలి. ఆ కాపరికి తగిన కూలి ముట్టాలి. అతడు చెప్పిన చెలమలను, ఊటలను అతని పేరుతోనే వ్రాసిపెట్టాలి. అబ్దుల్లా బిన్ ఉరైఖిత్ విషయంలో మన చరిత్రకారులు పాటించిన న్యాయం ఇదే.