పక్కు కింద ప్రమాదం

1940 సెప్టెంబరు 3. ఇంగ్లండ్ ఆగ్నేయ తీరంలో, మార్గేట్ దగ్గర సముద్రంలో ఓ యువకుడు పారాచూట్ తాళ్లలో చిక్కుకుని తేలుతున్నాడు. పేరు రిచర్డ్ హిల్లరీ, వయసు 21. రెండో ప్రపంచ యుద్ధంలో శత్రువు కాల్పులకు అతను నడుపుతున్న స్పిట్‌ఫైర్ యుద్ధవిమానం అంటుకుంది. కాక్‌పిట్ మూత ఎంత గుంజినా రాలేదు. అది ఊడేసరికి ముఖం, చేతులు కాలిపోయాయి. నీళ్లలోంచి చేతులెత్తి చూసుకుంటే చర్మం తెల్లటి పీలికలై వేలాడుతోంది.

లైఫ్‌బోటు వచ్చి ఒడ్డుకు చేర్చింది. గండం గడిచిందనుకున్నారు. అసలు గండం ఆసుపత్రి మంచం మీద మొదలైంది.

అప్పట్లో కాలిన గాయానికి టానిక్ ఆమ్లం పూసేవారు. తోళ్ల శుద్ధికి వాడే తుమ్మచెక్కలోనూ ఈ జాతి పదార్థమే ఉంటుంది. 1925లో అమెరికా వైద్యుడు ఎడ్వర్డ్ డేవిడ్సన్ దీన్ని వాడుకలోకి తెచ్చాడు. పూసినచోట నల్లగా, గట్టిగా పక్కు కడుతుంది. రసి కారడం ఆగుతుంది. చూసేవాళ్లకు పుండు మానుతున్నట్టే ఉంటుంది. పైన పటారం, లోన లొటారం. కింద చీము చేరినా బయటికి తెలియదు. వేళ్ల చుట్టూ బిగిస్తే రక్తం ఆడదు. హిల్లరీ చేతులకూ అదే పూశారు. ఆ నల్లటి పొర కింద అతని వేళ్లు మెల్లగా అరచేతిలోకి ముడుచుకుపోసాగాయి.

ఆ దశలో అతణ్ని చూడటానికి వచ్చాడు న్యూజిలాండ్‌లో పుట్టిన ప్లాస్టిక్ సర్జన్ ఆర్చిబాల్డ్ మెకిండో. కొత్త కనురెప్పలు వేయాలన్నాడు. కాలిన చర్మం మానేకొద్దీ బిగుస్తుంది. రెప్పలు అలా బిగిసి మూతపడకపోతే, నిద్రలోనూ నల్లగుడ్డు ఆరిపోయి పుండు పడుతుంది, చివరికి చూపే పోతుంది. అందం సంగతి తర్వాత, ముందు కన్ను దక్కాలి. ససెక్స్‌లోని ఈస్ట్ గ్రిన్‌స్టెడ్ ఆసుపత్రిలో చేతి లోపలివైపు నుంచి పల్చటి చర్మం తీసి రెప్పలు అమర్చాడు. అక్కడే హిల్లరీకి వార్డులో స్ట్రెప్టోకాకస్ అనే బ్యాక్టీరియా సోకి, చెవి వెనక ఎముకకు చీము పట్టి, మరో ఆపరేషన్ చేయాల్సి వచ్చింది.

సముద్రంలో పడిన పైలట్ల గాయాలు మిగతావాళ్లవాటికన్నా బాగా మానడం మెకిండో గమనించాడు. గోరువెచ్చని ఉప్పునీటి తొట్లు ఏర్పాటు చేయించాడు. ముఖానికీ చేతులకీ టానిక్ ఆమ్లం పూయడం మానాలని పట్టుబట్టి, మాన్పించాడు. గాయం వైద్యుడి కంటికి కనబడాలి, వేళ్లు కదలాలి. ఆయన తెచ్చిన పెద్ద మార్పు అదే.

ఎనభై ఏళ్లు దాటినా ఆ పాఠం మన వంటిళ్లకు చేరలేదు. నూనె చిందితే ఇంకు, టూత్‌పేస్టు, కాఫీపొడి, పసుపు పూసి గాయాన్ని కప్పేస్తున్నాం. చేయాల్సింది ఇరవై నిమిషాలు కుళాయి నీటిధార కింద ఉంచడం, తర్వాత శుభ్రమైన గుడ్డ కప్పి వైద్యుడికి చూపించడం.

కట్టు కట్టాక కూడా ఓ కంట కనిపెడుతూ ఉండాలి. రోజురోజుకూ తగ్గాల్సిన నొప్పి పెరుగుతోందంటే అనుమానించాలి. గాయం చుట్టూ ఎరుపు పాకినా, దుర్వాసన వచ్చినా, చీము పచ్చగా మారినా, జ్వరం తగిలినా ఆరోజే వెళ్లాలి. కట్టు కింద వేళ్లు చల్లబడినా, నీలంగా మారినా, తిమ్మిరెక్కినా గంట కూడా ఆగకూడదు. పసిపిల్లలకు గాయం చిన్నదైనా సరే, ఒక్కసారిగా జ్వరం, ఒంటిమీద దద్దుర్లు, వాంతులు, విరేచనాలు, మగత కనిపిస్తే నెత్తురులో విషం వ్యాపిస్తోందేమోనని భయపడాల్సిందే. రెండు మూడు వారాలైనా మానని గాయానికి చర్మం అతకాల్సి రావచ్చు. కీళ్ల దగ్గర మచ్చ బిగుస్తుంటే వ్యాయామం, బద్దకట్టు వెంటనే మొదలుపెట్టాలి. ఏళ్లనాటి కాలిన మచ్చ మీద కొత్తగా పుండు లేచి మానకపోతే క్యాన్సర్ పరీక్ష చేయించాలి.

హిల్లరీ చేతులు మునుపటిలా కాలేదు. ఆ చేతులతోనే మళ్లీ విమానం ఎక్కాడు. 1943 జనవరి 8న రాత్రి శిక్షణలో విమానం కూలి చనిపోయాడు. అతని వేళ్లు ముడుచుకుపోతున్న రోజుల్లో దాన్ని అడ్డుకునే దారి చాలామంది వైద్యులకు తెలియదు. మనకు తెలుసు. కట్టు మార్చిన ప్రతిసారీ గాయాన్ని వెలుతురులో చూడండి, నిన్నటితో పోల్చండి, తేడా కనిపిస్తే తెల్లారేదాకా ఆగకండి.