అన్నమును శ్రమయు: గోదావరిసీమలో దేహభారము చరిత్ర

శరీరము బలిసినవారిని చూచి లోకము సాధారణముగా వారి జిహ్వాచాపల్యమును నిందించును. కాదేని వారి సోమరితనమును నిందించును. ఈ రెండు నిందలును సగము సత్యములే. ఒక సీమలోని జనుల దేహములు తరతరమునకు మారుచున్నప్పుడు కారణమును ఆ సీమ చరిత్రలో గూడ వెదకవలెను. అందుకు గోదావరిసీమ కథ మనకు మంచి పాఠము కాగలదు.

ఈ విచారము మనకు క్రొత్తది కాదు. చరకసంహిత సూత్రస్థానములోని ఇరువదియొకటవ అధ్యాయము అతిస్థూలుని, అతికృశుని ప్రత్యేకముగా పరీక్షించినది. అతిభోజనము, వ్యాయామము లేమి, పగటినిద్ర—ఈ మూటిని స్థౌల్యకారణములలో చేర్చినది. చికిత్స చెప్పునప్పుడు యవలు, పెసలు, ఉలవలు వంటి ఆహారముతోపాటు క్రమముగా పెంచవలసిన వ్యాయామమును గూడ విధించినది. సుశ్రుతుడు వ్యాయామమును ఎంతగా మెచ్చుకొన్నను, తన బలములో సగము మేరకే చేయవలెనని హద్దు పెట్టెను. పథ్యమును, శ్రమను పూర్వులు విడదీయలేదు. రెంటిలో దేనినిగాని మితిమీరనీయలేదు.

ఇక మన సీమను చూతము. రాజమహేంద్రవరమునకు ఉత్తరమున కోరుకొండ కలదు. పదునాల్గవ శతాబ్దమున ముమ్మడి నాయకుడు ఏలిన చోటది. నరసింహస్వామి ఆలయము కొండమీద నున్నది. దర్శనము కోరినవారు మెట్లెక్కవలసినదే. ఇది మెట్టప్రాంతము. దక్షిణముగా ధవళేశ్వరము దాటినచో పల్లపుసీమ ప్రారంభమగును. అచ్చట 1847లో ఆర్థర్ కాటన్ మొదలిడిన ఆనకట్ట 1852 నాటికి పూర్తియైనది. క్షామభయము తగ్గెను, వరి విస్తరించెను. మెట్టవారికి చోళ్లు, జొన్నలు ఎట్టివో పల్లపువారికి వరియన్నము అట్టిదయ్యెను. ఆ అన్నము రాసులుగా తిన్నను నాటివారికి చెరుపు చేయలేదు. దున్నుట, ఊడ్చుట, కోయుట, బిందెలతో నీరు మోయుట, రోకటితో దంచుట—ఇవన్నియు తిన్నదానిని తిన్నట్లే ఖర్చు పెట్టించుచుండెను. వ్యాయామమను పేరు లేకుండగనే వ్యాయామము జరుగుచుండెను.

నాటి ప్రధానభయము స్థౌల్యము కాదు, లోపము. ఉత్తర సర్కారులలో కనబడు బెరిబెరి వ్యాధిని గూర్చి మాల్కంసన్ అను వైద్యుడు 1835లోనే చెన్నపట్టణమున గ్రంథము ప్రకటించెను. తెల్లగా పాలిషు పట్టిన బియ్యమునకును ఆ వ్యాధికిని గల సంబంధము తరువాతికాలమున తేలినది. ఆ వ్యాధిని పరిశోధించుటకే 1918లో మెక్‌కారిసన్ కూనూరులో చిన్న విభాగమొకటి నెలకొల్పెను. అది పెరిగి 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయినది. లోపరోగము కొరకు పుట్టిన ఆ సంస్థయే 2024లో వెలువరించిన ఆహారసూత్రములలో స్థౌల్యమును గూర్చియు ప్రజలను హెచ్చరింపవలసివచ్చెను. ఒక్క సంస్థ జీవితములో మన భోజనచరిత్ర యంతయు ఇమిడియున్నది.

ఈ మార్పు పట్టణములకే పరిమితము కాలేదు. ఉభయ గోదావరి జిల్లాలలోని 45 గ్రామములందు 2003-04లో సంభవించిన మరణముల కారణములను పరిశోధకులు విచారింపగా, సుమారు మూడవవంతు హృదయ, రక్తనాళవ్యాధులవలన కలిగినవని తేలెను. అదే సీమలో 20 గ్రామములను పరీక్షించి 2006లో ప్రకటించిన మరియొక పరిశోధనలో, ముప్పది యేండ్లు దాటినవారిలో నూటికి 13 మందికి మధుమేహము కనబడెను. ఈ వ్యాధులకు స్థౌల్యమొక్కటే కారణము కాదు. కాని కారణములలో అదియు ముఖ్యమైనది. పల్లెటూరి గాలియే ఆరోగ్యమని నమ్మినవారు ఈ లెక్కలను తలపోయవలెను.

జరిగినదేమి? మర వచ్చి రోకటిని, కుళాయి వచ్చి బిందెను, మోటారుబండి వచ్చి నడకను తీసికొనిపోయినవి. ఈ సౌఖ్యములు రావలసినవే. కాని శ్రమ పోయినను విస్తరిలోని అన్నపురాశి తగ్గలేదు; పైగా నూనె, పంచదార హెచ్చినవి.

ఇప్పుడు కొందరు నడకనే నమ్ముకొందురు. లెక్క చూడుడు. అరువది కిలోల మనిషి గంటసేపు నడచినచో ఖర్చగు శక్తి రమారమి 200 కేలరీలు. అది 60 గ్రాముల బియ్యముతో సమానము. రెండు పెద్దచెంచాల నూనె దానిని మించును. కావున గంట నడచివచ్చి రెండు గారెలు అధికముగా తిన్నచో నడక ఫలము అచ్చటనే తీరిపోవును. దంపుడుబియ్యము శ్రేష్ఠమే గాని, దానియందును కేలరీలు ఇంచుమించు అన్నియే; మితము తప్పరాదు.

మరికొందరు ఉపవాసమునే నమ్ముకొందురు. వట్టి లంఘనములవలన కొవ్వుతోపాటు కండయు కరగును, నీరసము వచ్చును, పిదప ఆకలి రెట్టింపై పోయిన బరువు మరలివచ్చుటయు కద్దు. వ్యాయామము కండను నిలుపును, గుండెకు బలమిచ్చును. లండను నగరపు బస్సులలో కూర్చుండి నడుపు డ్రైవర్లకంటె మెట్లెక్కి దిగుచుండెడి కండక్టర్లకు హృద్రోగము తక్కువగా నుండెనని మోరిస్ అను వైద్యుడు 1953లో ప్రకటించెను. కావున అన్నము కొంత తగ్గించి, పప్పును కూరలను హెచ్చించి, దినదినము నడచుచు, వారమునకు అరకిలోకు మించకుండ తగ్గుట క్షేమము. మధుమేహాదులకు మందు పుచ్చుకొనువారు వైద్యుని సలహాతోనే ఆరంభింపవలెను.

చివర నొక్క ముఖ్యవిషయము. ఈ సమత్వము మన యిండ్లలో స్త్రీకే యెక్కువ దుర్లభముగా నున్నది. రోకలి ఆమె చేతినుండి పోయినది, మంచిదే. కాని దాని స్థానమున ఆమెకు మనమిచ్చినదేమి? భర్త వేకువనే కాలువగట్టున షికారు వెళ్లును. ఆమె పొయ్యి రాజేయును. అందరును తిన్న పిమ్మట, పారవేయ మనసొప్పక, మిగిలినదంతయు తినును. ఏకాదశినాడు పస్తుండి ద్వాదశినాడు ఆ లోటు తీర్చుకొనును. బరువు పెరిగినప్పుడు ఇంటిల్లిపాదియు ఆమెను తిండిపోతని హాస్యమాడుదురు. ఆమె ఒంటరిగా వీధిన నడచినచో ఇరుగుపొరుగులు నవ్వుదురని ఆమెకు జంకు. ఆ జంకును మాన్పవలసినవారు ఇంటివారే.

ఆమెకు వేళకు అందరితోపాటు విస్తరి వేయుడు. మిగులకుండ వండుటకు ఇల్లంతయు సాయపడుడు. దినమున కొక గంట ఆమెదిగా విడిచిపెట్టుడు. పూర్వము శ్రమ విధిగా వచ్చి అన్నమునకు తగిన జోడై నిలిచినది. నేడు ఆ జోడును మనము తెలిసి కూర్చుకొనవలెను. అట్లు కూర్చునప్పుడు ఇంటిలో సగముమందిని వదలిన యెడల అది ఆరోగ్యసంస్కారము కానేరదు.