అడిగినవాళ్ళ పేర్లు ఏవి? పోచంపల్లి నుంచి పాలమూరు దాకా
(ఊరూ వాడా చరిత్ర – 6వ భాగం)



మన నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో ఏ ఊరికి పోయి చరిత్ర అడిగినా ముందు గడి చూపిస్తారు. తర్వాత గుడి, బురుజు, చెరువు కట్ట. చెరువు తవ్వించిన దొర పేరు చెబుతారు. తట్ట మోసినవాళ్ళ పేరు చెప్పరు. ఈ భాగంలో దేశమంతా పేరు తెలిసిన ఒక ఊరిని తీసుకుందాం. అంత పేరున్న ఊరిలో కూడా మన పేరు ఎట్లా మాయమైందో చూద్దాం.

ఆ ఊరు పోచంపల్లి. అప్పుడు నల్లగొండ జిల్లా, ఇప్పుడు యాదాద్రి భువనగిరి.

1951 ఏప్రిల్. హైదరాబాద్ రాజ్యం మీద పోలీసు చర్య జరిగి రెండున్నరేళ్ళు దాటింది. నిజాం పాలన పోయింది. గడి వదిలి పట్నం పారిపోయిన దొరలు సైన్యం వెనక తిరిగొచ్చారు. సాయుధ పోరాటం ఇంకా ఆగలేదు, దాన్ని విరమించింది ఆ ఏడాది అక్టోబరులో. శివరాంపల్లి సర్వోదయ సభకు వచ్చిన వినోబా భావే అక్కణ్ణుంచి కాలినడకన నల్లగొండ ఊర్లకు బయలుదేరాడు. ఏప్రిల్ 18న పోచంపల్లి చేరాడు. వాడకు వెళ్ళాడు. మీకేం కావాలని అడిగాడు.

దళిత కుటుంబాలు 40. వాళ్ళు చెప్పిన జవాబు: 80 ఎకరాల భూమి కావాలి. 40 ఎకరాలు తరి, 40 ఎకరాలు ఖుష్కి.

ప్రభుత్వానికి చెప్పి చూస్తానన్నాడు వినోబా. తర్వాత అక్కడున్న ఊరివాళ్ళనే అడిగాడు, మీలో ఎవరైనా ఇస్తారా అని. వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలు ఇస్తానన్నాడు. భూదానోద్యమం అట్లా పుట్టింది. ఊరి పేరు భూదాన్ పోచంపల్లి అయింది, మండలం పేరు కూడా అదే. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా దాన్ని ఎంచింది.

ఇంతవరకు అందరికీ తెలుసు. ఆనాడు 100 ఎకరాలు ఇస్తాననడం చిన్న మాట కాదు, ఆ మాటను తక్కువ చేయాల్సిన పని మనకు లేదు. కానీ కథలో ముందు జరిగింది ఇవ్వడం కాదు, అడగడం. ఆ అడగడం మీద ఎవరూ నిలబడి ఆలోచించలేదు.

లెక్క చూడండి. 40 ఇండ్లు, 80 ఎకరాలు. ఇంటికి రెండెకరాలు. అందులో ఒకటి తరి, ఒకటి ఖుష్కి. ఉత్త మెట్ట ఉంటే వాన పడని ఏడు మళ్ళీ దొర గడప తొక్కి అప్పు తేవాలి. ఉత్త మాగాణి ఉంటే చెరువు ఎండిన ఏడు చేతికేమీ రాదు. ఒకటి నిండితే వడ్లు, ఒకటి పండితే జొన్నలు, కందులు, పశువుకు చొప్ప. ఇది చేయి చాచి బిచ్చం అడిగినవాళ్ళ మాట కాదు. తరతరాలుగా ఇతరుల పొలంలో దున్నిన, మోట కొట్టిన, నీళ్ళు కట్టిన మనుషుల లెక్క. ఏ భూమి ఎంత ఉంటే ఒక ఇల్లు తలెత్తుకుని బతుకుతుందో వాళ్ళకు తెలుసు.

అంత ధైర్యంగా అడగడం ఎట్లా వచ్చింది? పదేళ్ళ కింద అదే జిల్లాలో మాట "నీ బాంచెన్ దొరా, కాల్మొక్త". 1940లో కామారెడ్డిగూడెం బందగీ తన భూమి కోసం విసునూరు దేశ్‌ముఖ్‌ను కోర్టుకు ఈడ్చి ప్రాణం పోగొట్టుకున్నాడు. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తూటాకు నేలకొరిగాడు. మూడు వేల ఊర్లలో పది లక్షల ఎకరాలు పంచామని పుచ్చలపల్లి సుందరయ్య రాశాడు. భూమి అడగొచ్చు, భూమి వస్తుంది అన్న సంగతి ఒక్కసారి చెవిన పడ్డాక ఏ వాడా పాత వాడగా ఉండదు. వినోబా నడిచి వచ్చింది ఆ నేల మీదనే.

మరి ఈ కథలో ఇచ్చినాయన పేరు ఉంది. అడిగించినాయన పేరు ఉంది. అడిగిన 40 ఇండ్ల పెద్దల పేర్లు ఏ పాఠ్యపుస్తకంలో ఉన్నాయి? వాళ్ళందరికీ కలిపి రాసిన మాట ఒక్కటే, "హరిజనులు". అది కూడా ఎవరో పెట్టిన పేరు.

"పేరు లేకపోతే ఏమైంది అన్నా, భూమి వచ్చింది కదా" అని కొందరు తమ్ముళ్ళు అడుగుతారు. తమ్ముడూ, మన జిల్లాల్లో పేరు అంటే మర్యాద ఒక్కటే కాదు, పేరు అంటే భూమి. 1950లో హైదరాబాద్ కౌలుదారీ చట్టం వచ్చింది. కాగితంలో కౌలుదారుగా పేరు ఉన్నవాడికి రక్షణ. జీతం ఉన్నవాడు, వెట్టి చేసినవాడు ఏ కాగితంలో ఉన్నాడు? 1954-55లో ఖాస్రా పహాణీ రాశారు. ఇవాళ్టికీ భూమి తగాదా వస్తే మొదట తీసేది దాన్నే. రాసింది పట్వారీ. 1984లో ఆ వ్యవస్థ రద్దయ్యేదాకా ఊర్లో పట్వారీ రాసిందే రాత. చాలా ఊర్లలో ఆయన దఫ్తరం నెత్తిన మోసిన సేత్‌సింధి మనవాడే. ఆ దఫ్తరంలో ఏముందో చదవలేనివాడూ మనవాడే.

1948 నవంబర్ 4న రాజ్యాంగ సభలో బాబాసాహెబ్ ఊరిని దేశానికి పునాది చేయాలన్న వాదాన్ని ఎందుకు తోసిపుచ్చాడో ఇక్కడ అర్థమవుతుంది. పల్లె అంటే పచ్చని చేలు, ప్రేమలు అని పాడుకునేవాళ్ళకు వాడ వైపు నుంచి ఊరు ఎట్లా కనబడుతుందో తెలియదు.

పాలమూరుకు వస్తే ఇంకో చిక్కు. అక్కడ వాడ జ్ఞాపకం సగం ఊర్లోనే లేదు. కరువుకు, అప్పుకు తట్టా పారా పట్టుకుని పోయినవాళ్ళతో పోయింది. దేశంలో ఎక్కడ డ్యామ్ కట్టినా, కాలువ తవ్వినా పాలమూరు లేబర్ ఉంటుందని పేరు. గుంపు మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు, డేరాలో కన్న పిల్లలు, మట్టి కింద పోయిన మనిషి, ఇవన్నీ ఆ ఊరి చరిత్రే. కానీ శిలాఫలకం మీద మంత్రి పేరు ఉంటుంది. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబర్ 10న శంకుస్థాపన చేసింది నెహ్రూ అని మనందరికీ నోటికి వచ్చు. రాళ్ళు మోసిన ఒక్క మనిషి పేరు చెప్పగలమా?

రాత లేనిచోట మనవాళ్ళు నోటితో దాచారు. మాదిగలకు జాంబ పురాణం చెప్పేది డక్కలివాళ్ళు. నాగర్‌కర్నూల్ వైపు దర్శనం మొగులయ్య పన్నెండు మెట్ల కిన్నెర మీద పండుగ సాయన్న కథ పాడాడు, 2022లో పద్మశ్రీ వచ్చింది. పురస్కారం రాకముందు కూడా అది చరిత్రే.

నోటి మాటను చరిత్రగా తీసుకోవడం కొత్త సంగతేమీ కాదు. ఇంగ్లండులో కూడా ఊరి చరిత్ర అంటే చాలాకాలం చర్చి, భూస్వామి బంగళా. సఫొక్ ప్రాంతంలో బ్లాక్స్‌హాల్ అనే ఊర్లో జార్జ్ ఎవార్ట్ ఎవాన్స్ తన ఇరుగుపొరుగు ముసలి కూలీలను, గొర్రెల కాపరులను కూర్చోబెట్టి అడిగి 1956లో పుస్తకం వేశాడు. మన దగ్గర 1986లో స్త్రీశక్తి సంఘటన "మనకు తెలియని మన చరిత్ర" తెచ్చింది. తెలంగాణ పోరాటంలో ఆడవాళ్ళు ఏం చేశారో వాళ్ళ నోటనే చెప్పించింది. అడిగితే చెబుతారు. అడిగేవాళ్ళే కావాలి.

విద్యార్థి మిత్రులకు ఒక పని చెబుతున్నా. ఈ సెలవుల్లో మీ వాడలో ఇవి అడగండి:

1. వాడకు సొంత బావి ఎప్పుడు వచ్చింది? అంతకుముందు నీళ్ళు ఎవరు పోసేవాళ్ళు, ఎంతసేపు నిలబెట్టేవాళ్ళు?
2. సేత్‌సింధి, నీరడి పని ఏ ఇంటివాళ్ళు చేశారు? దానికిచ్చిన ఇనాం భూమి ఇప్పుడు ఎవరి పేరు మీద ఉంది?
3. ఖాస్రా పహాణీలో మనవాళ్ళ పేరు ఏ సర్వే నంబరులో ఉంది? నకలు కావాలంటే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి.
4. వలస ఏ పనికి, ఏ ఊరికి పోయారు? తిరిగి రానివాళ్ళు ఎవరు?
5. వాడ నుంచి మొదట బడికి పోయిన ఆడపిల్ల ఎవరు?

అవ్వలను విడిగా అడగండి. మగవాళ్ళ ముందు వాళ్ళు సగమే చెబుతారు. వాళ్ళ మాటను వాళ్ళ యాసలోనే రాయండి, దిద్దకండి. అడగకుండా ఎవరి గొంతూ, ఫొటో బయట పెట్టకండి.

పోచంపల్లిలో భూమి అడిగినవాళ్ళు పోయినా వాళ్ళ మనుమలు, మనుమరాళ్ళు ఉన్నారు. ఆ 40 పేర్లు ఒక పలక మీద రాయడానికి ఒక్క పూట చాలు. అది వాళ్ళకు మనం చేసే దానం కాదు, డెబ్బై ఏళ్ళ బాకీ.

వచ్చే భాగంలో నీరడి ఇనాం భూముల సంగతి.

జై భీమ్.