ఉదయాహారము: ఒక నమ్మకపు చరిత్ర

ఉదయాహారము మానిన ఆరోగ్యము చెడునను మాట ఎట్లు ప్రబలినది? 1917లో అమెరికాలోని బ్యాటిల్ క్రీక్ నుండి వెలువడిన ‘గుడ్ హెల్త్’ పత్రిక, పూటలన్నిటిలో ఉదయపు పూటయే ముఖ్యమని వ్రాసినది. దాని సంపాదకుడు జాన్ హార్వే కెల్లాగ్. ధాన్యపు రేకులకు ప్రచారము తెచ్చినవాడును ఆయనయే. 1944లో మరియొక ధాన్యాహార సంస్థ అదే మాటను రేడియోలో చాటినది.

2019లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ 13 ప్రయోగముల సమీక్షను ప్రకటించినది. ఉదయము తినినవారు దినమునకు సుమారు 260 కెలోరీలు అధికముగా భుజించిరి. మానిన బరువు పెరుగునను వాదము నిలువలేదు. ఐనను అవి పెద్దలపై జరిగిన స్వల్పకాలిక ప్రయోగములు.

కావలెనని మానుట వేరు, లేక మానుట వేరు. ఖాళీ కడుపుతో బడికి వచ్చు బిడ్డకు ఈ లెక్క వర్తింపదు. ఇన్సులిన్ తీసికొనువారు వైద్యుని అడుగక మానరాదు. చల్దిమూటతో పొలమునకు పోయిన మన పెద్దలకు ఏ ప్రకటనయు అక్కరలేకపోయినది. వారికి ఆకలియు, పనియు చెప్పినవి.