బళ్ళారి లెక్క

1823 ఆగస్టు 17న బళ్ళారి కలెక్టరు అలెగ్జాండర్ డంకన్ క్యాంప్‌బెల్ మద్రాసు రెవెన్యూ బోర్డుకు ఒక నివేదిక పంపాడు. జిల్లాలో బడులెన్ని, చదివేదెవరు, చదివేదేమిటి అని గవర్నరు థామస్ మన్రో అంతకుముందు ఏడాది అన్ని జిల్లాల కలెక్టర్లనూ అడిగాడు. దానికి బళ్ళారి ఇచ్చిన జవాబు ఇది. తొమ్మిదింబావు లక్షల పైచిలుకు జనం ఉన్న జిల్లాలో 533 బడులు, 6,641 మంది పిల్లలు. కన్నడ బడులు 235, తెలుగు 226, మరాఠీ 23, సంస్కృతం 23, పారసీ 21, తమిళం 4, ఇంగ్లీషు ఒకే ఒకటి. మొత్తం పిల్లల్లో ఆడపిల్లలు 60 మంది. వెయ్యి మంది జనానికి బడికి వెళ్ళేవాళ్ళు ఏడుగురు.

క్యాంప్‌బెల్ తెలుగువాళ్ళకు కొత్తవాడు కాడు. 1816లో తెలుగు వ్యాకరణాన్ని ఇంగ్లీషులో రాసి అచ్చు వేయించింది ఆయనే. తెలుగు ద్రావిడ కుటుంబపు భాష అని ఎల్లిస్ దొర తేల్చి చెప్పిన మాట వెలుగు చూసింది ఆ పుస్తకపు ముందుమాటలోనే. భాష తెలిసిన మనిషి కాబట్టే ఆ నివేదికలో అంకెలతో పాటు బడి కూడా కనబడుతుంది.

పిల్లవాడికి అయిదో ఏట అక్షరాభ్యాసం. బియ్యంలో వేలు పట్టించి దిద్దించడం, తర్వాత ఇసుకలో రాయించడం. పొద్దున ఆరింటికే బడి. అందరికన్నా ముందు వచ్చిన వాడి అరచేతిలో సరస్వతి పేరు రాస్తారు, రెండో వాడి చేతిలో సున్న చుడతారు. మూడో వాడికి బెత్తంతో ఒక దెబ్బ, నాలుగో వాడికి రెండు, అలా ఆఖరివాడి దాకా. చేయి కుదిరాక కడితం పడతారు: మసి పట్టించి గట్టిపరిచి, మడతలు పెట్టిన గుడ్డ. దాని మీద బలపంతో రాయడం, తుడవడం, మళ్ళీ రాయడం. పద్యాలు వల్లె వేస్తారు గాని అర్థం తెలియదని క్యాంప్‌బెల్ నొచ్చుకున్నాడు. లెక్కల సంగతి వేరు. కూడిక, తీసివేతలతో మొదలుపెట్టి భిన్నాలు, నాణేలు, తూనికలు, కొలతల దాకా అన్నీ నోటికి రావలసిందే. కరణానికి జమాబందీ తెలియాలి, కోమటికి వడ్డీ కట్టడం తెలియాలి. బళ్ళారి సీమలో ఆర్థిక విషయాల చదువుకు ఇదే తొలి పాఠం.

నివేదికలో అసలు విలువైన భాగం ఆ తర్వాత ఉంది. ఇదివరకు బడులున్న ఊళ్ళలో ఇప్పుడు ఎందుకు లేవు? జనం పేదవాళ్ళవుతున్నారు గనుక, అన్నాడు కలెక్టరు. ఇంగ్లండు మిల్లు గుడ్డ వచ్చి ఇక్కడి నేతవాళ్ళ సంపాదనను పడగొట్టింది. పాత రాజులు, వాళ్ళ ఉద్యోగులు రాబడిని ఇక్కడే ఖర్చు చేసేవారు. కొత్త ప్రభుత్వపు దొరలకు ఇక్కడ ఆ ఖర్చు లేదు, సొమ్ము దేశం దాటిపోతోంది. పంతుళ్ళకు ముట్టే పాత మాన్యాలూ పోయాయి. దాదాభాయి నౌరోజీ సంపద తరలింపు గురించి చెప్పడానికి దాదాపు యాభై ఏళ్ళ ముందు, కంపెనీ జీతం తినే కలెక్టరే ఈ మాట కాగితం మీద పెట్టాడు. భారత ఆర్థిక చరిత్ర పాఠం ఏదైనా ఈ నివేదికతో మొదలు కావడమే న్యాయం. 1983లో ధరంపాల్ తన పుస్తకంలో దీన్ని మళ్ళీ అచ్చు వేసేదాకా ఇది చాలామంది కంట పడనేలేదు.

ఆ రోజుల్లో అర్థశాస్త్రం ఒక చదువుగా ఎక్కడుంది? ఇంగ్లండులో ఈ విద్యకు తొలి ఆచార్య పదవి 1805లో కంపెనీ తన ఉద్యోగుల కోసం పెట్టిన కళాశాలలో ఏర్పడింది. కొద్ది ఏళ్ళకు అది హెయిలీబరీలో స్థిరపడింది. పాఠం చెప్పింది జనాభా సిద్ధాంతంతో పేరు మోసిన మాల్థస్. ఇండియాకు వచ్చి శిస్తు వసూలు చేయబోయే కుర్రవాళ్ళకు భూమి, కౌలు, ధర, జనాభా అంటే ఏమిటో ఆయన 1834లో చనిపోయేవరకూ నేర్పాడు. అంటే ఈ శాస్త్రం తరగతి గదిలోకి అడుగు పెట్టినప్పుడే దాని చూపు మన పొలాల మీద ఉంది.

ఆ పొలాల్లో బళ్ళారివి ముందు వరుసలో ఉన్నాయి. 1800లో నిజాం ఈ సీమను కంపెనీకి వదులుకున్నాక, దత్త మండలాలకు ప్రధాన కలెక్టరుగా వచ్చిన మన్రో ఏడేళ్ళు ఇక్కడే తిరిగాడు. గొలుసులు పట్టించి పొలం పొలం కొలిపించాడు. నేల రకం చూసి శిస్తు కట్టించాడు. జమీందారు మధ్యలో లేకుండా రైతుకే పట్టా ఇచ్చే రైత్వారీ ఇక్కడ పెద్ద ఎత్తున రూపు దిద్దుకుంది. 1807లో వెళ్ళిపోతూ, తాను కట్టిన శిస్తే ఎక్కువైందనీ నాలుగో వంతు తగ్గించమనీ రాశాడు. మద్రాసు ప్రభుత్వం అప్పుడు వినలేదు. ఆయనే గవర్నరై తిరిగి వచ్చాకగాని ఆ తగ్గింపు రైతుకు అందలేదు. రాయలసీమలో పిల్లలకు మన్రోలప్ప అని పేర్లు పెట్టుకున్నారంటే ఊరికే కాదు.

తర్వాత ధాత కరువు. 1876-78 నాటి ఆ కరువు బళ్ళారిని తుడిచిపెట్టింది. 1871లో 9 లక్షల 11 వేలు దాటి ఉన్న జనాభా 1881 నాటికి 7 లక్షల 26 వేలకు దిగింది. పదేళ్ళలో అయిదుగురిలో ఒకరు లెక్కలో లేరు. కరువు పనికి వచ్చిన కూలికి రోజుకు ఎంత ధాన్యం చాలు అన్నది అప్పుడు పెద్ద వివాదం. ఒక పౌను చాలన్నాడు భారత ప్రభుత్వం పంపిన రిచర్డ్ టెంపుల్. అది మనిషిని చంపే లెక్క అని మద్రాసు వైద్యాధికారి కార్నిష్ ఎదురు తిరిగాడు. ఆ అనుభవం మీదే కరువు కమిషన్ నివేదిక, కరువు నియమావళి పుట్టాయి. నేటి ఉపాధి హామీ దాకా మాట్లాడుకునే విద్యార్థి తెలుసుకోవలసిన మొదటి అధ్యాయం అదే.

ఇంత పాఠం ఇచ్చిన ఊళ్ళో ఆ పాఠం చెప్పే చోటు మాత్రం లేదు. లండన్ మిషన్ వారి వార్డ్‌లా సంస్థలో కొంతవరకు చదువుకుని, బి.ఏ. కోసం మద్రాసు రైలెక్కాలి. నటుడు బళ్ళారి రాఘవ మద్రాసు క్రిస్టియన్ కళాశాలలో చదివింది ఆ దారినే. 1916లో అనంతపురంలో దత్త మండలాల కళాశాల తెరిచాక కాస్త దగ్గరైంది. తెలుగులో ఈ శాస్త్రం చదవాలనుకున్నవారికి అప్పటికి చేతికందేది కట్టమంచి రామలింగారెడ్డి రాసిన భారత అర్థశాస్త్రం. చిత్తూరు బిడ్డ, కేంబ్రిడ్జిలో చదివి వచ్చినవాడు, ఈ విద్య ఇంగ్లీషు రానివాడికీ అందాలని పూనుకుని రాశాడు.

సరిగ్గా ఆ కాలంలోనే మద్రాసు విశ్వవిద్యాలయంలో ఒక మంచి పని జరిగింది. 1915లో అర్థశాస్త్రానికి తొలి ఆచార్యుడుగా వచ్చిన గిల్బర్ట్ స్లేటర్ పుస్తకాలతో తృప్తి పడలేదు. ప్రశ్నల పట్టిక చేతికిచ్చి విద్యార్థులను సెలవుల్లో సొంత ఊళ్ళకు పంపాడు. ఎవరికి ఎంత భూమి, ఏ పంట, ఎంత అప్పు, ఏం తింటున్నారు అని రాసుకు రమ్మన్నాడు. ఆ సర్వేలు 1918లో పుస్తకంగా వచ్చాయి. 1936-37లో పి.జె. థామస్, కె.సి. రామకృష్ణన్ అవే ఊళ్ళను మళ్ళీ చూసి వచ్చారు. కొలిచినవాడికి ఊరు అప్పటిదాకా పరాయిది. ఇక్కడ మొదటిసారి ఊరి పిల్లవాడే ఊరిని కొలిచాడు.

బళ్ళారికి సొంత డిగ్రీ కళాశాల 1945లో వచ్చింది. వీరశైవ విద్యావర్ధక సంఘం పెట్టిన వీరశైవ కళాశాల అది. ఎనిమిదేళ్ళకే జిల్లాయే చీలింది. 1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్ర రాష్ట్రానికి, బళ్ళారితో సహా మిగిలినవి మైసూరుకు పోయాయి. పత్తి పండే ఊరు ఒక రాష్ట్రంలో, దాన్ని అమ్ముకునే సంత మరో రాష్ట్రంలో పడ్డాయి. విద్యార్థుల దారులూ విడిపోయాయి. ఇటువాళ్ళు తిరుపతి వైపు, అటువాళ్ళు ధార్వాడ వైపు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, కళాశాలలో ఇంగ్లీషు: బళ్ళారి తెలుగు పిల్లవాడు గిరాకీ, సరఫరా సూత్రాన్ని మూడు భాషల మీదుగా దాటి నేర్చుకోవలసి వచ్చింది. ఈ భారాన్ని ఏ పాఠ్య ప్రణాళికా లెక్కలోకి తీసుకోలేదు.

1968లో వేంకటేశ్వర విశ్వవిద్యాలయం అనంతపురంలో పి.జి. కేంద్రం పెట్టింది. 1981లో అది శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం అయింది. అటు 1980లో గుల్బర్గా విశ్వవిద్యాలయం వచ్చింది. దాని కేంద్రమే 2010లో బళ్ళారిలో విజయనగర శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంగా మారింది. సరిహద్దుకు అటూ ఇటూ ఒకే రాజు పేరు పెట్టుకున్న రెండు విశ్వవిద్యాలయాలు, రెండింటిలోనూ అర్థశాస్త్ర శాఖలు. అంతకుముందు తరంలో కేంబ్రిడ్జిలో అర్థశాస్త్రం చదివి వచ్చి 1972 నుంచి 1977 దాకా కర్ణాటక ఆర్థిక మంత్రిగా పనిచేసిన ఎం.వై. ఘోర్పడే ఇక్కడి సండూరు రాజవంశం వాడే. ఆ చదువు ఇప్పుడు సండూరు పిల్లకు బస్సు దూరంలో ఉంది.

చదవడానికి ముడిసరుకు కూడా గుమ్మం ముందే ఉంది. ఇనుప ఖనిజం ధర పెరిగిన రోజుల్లో సండూరు కొండలు ఎర్రదుమ్ము అయ్యాయి. 2011 జులైలో సుప్రీంకోర్టు బళ్ళారి గనులను ఆపింది. తుంగభద్ర కాలువ నీరు ఏ ఊరి దాకా వస్తుందో, ఏ ఊరికి రాదో వరి, మిర్చి రైతులు చెబుతారు. బళ్ళారి వీధుల్లో జీన్స్ కుట్టేవారి కూలి ముక్కల లెక్కన నడుస్తుంది. వీటిలో ఏ ఒక్కటీ సరిహద్దు రాయి దగ్గర ఆగదు.

క్యాంప్‌బెల్ నివేదికకు 2023లో రెండు వందల ఏళ్ళు నిండాయి. అనంతపురం, బళ్ళారి అర్థశాస్త్ర శాఖలు కలిసి అటు నాలుగు ఊళ్ళు, ఇటు నాలుగు ఊళ్ళు ఎంచుకుని, స్లేటరు పంపినట్టు తమ విద్యార్థులను సెలవుల్లో అక్కడికి పంపాలి. వాళ్ళు తెచ్చిన లెక్కను తెలుగులోనూ కన్నడంలోనూ అచ్చు వేయాలి.