వాహన గాలి కంప్రెసర్
వాహనంలోనే ఉండి, బ్యాటరీ కరెంటుతో టైర్లకు గాలి నింపే యంత్రం. మంగళగిరి పరిసరాల్లోని పత్తి, మిరప చేల మధ్య దీని విలువ వానాకాలంలో తెలుస్తుంది. తడిసిన నల్లరేగడి టైరు గాడుల్లో మెత్తుకుపోయి, చక్రం ఉన్నచోటే తిరుగుతుంది. జీపు టైర్లలో 32 పీఎస్‌ఐ గాలిని 20కి దించితే టైరు నేలపై పరుచుకొని పట్టు దొరుకుతుంది. అదే గాలితో 16వ నంబరు జాతీయ రహదారి ఎక్కి వేగంగా పోతే టైరు వేడెక్కి పేలవచ్చు. డొంక దాటగానే మళ్లీ నింపుకోవాల్సిందే.

పెట్టెపై 150 పీఎస్‌ఐ అని చూసి కొనడం పొరపాటు. నిమిషానికి ఎన్ని లీటర్లు ఇస్తుంది, ఆపకుండా ఎంతసేపు నడుస్తుంది అన్నవే అసలు లెక్క. పెద్ద టైర్లకు లైటర్ సాకెట్ చాలదు. ఫ్యూజుతో నేరుగా బ్యాటరీకి కలపాలి. గాలి పట్టేటప్పుడు ఇంజను నడుస్తుండాలి. దుమ్ము పట్టే ఫిల్టరును తరచూ దులపాలి.